విప్పని క్యాసెట్టులో తమ్ముడు

అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇండియన్ కొట్టులో కరివేపాకు ఏరుకుంటున్నాను. "మీ అంకులు ఎల్లిపోయేరమ్మా" అన్నారు. "ఎక్కడికి ఆంటీ?" అన్నాను. అంత బుర్రతక్కువ ప్రశ్న నా జన్మలో అడిగి ఉండను. ఆవిడ కోప్పడలేదు. "టీ ఇచ్చేను. తాగేరు. కుర్చీలోనే..." అని ఆగిపోయారు. బుట్టలో సామాన్లు ఉన్నవి ఉన్నట్టు వదిలేసి పార్కింగ్‌లోకి పరిగెత్తాను. కారు తాళం కోసం పర్సంతా కుమ్మరించాను, చూస్తే తాళం చేతిలోనే ఉంది.

మా అపార్ట్‌మెంట్లలో ఆయన్ని అందరూ కెప్టెన్ గారు అనేవారు. ఆ పిలుపు వింటే ఆయనకు నవ్వొచ్చేది. "కెప్టెన్ ఏటమ్మా, ఇంజన్ రూములో గ్రీజు పూసేవోణ్ణి. కెప్టెన్ని దూరం నుంచి సూసేవోణ్ణి" అనేవారు. విశాఖపట్నంలో ఓడెక్కి, లోకమంతా తిరిగి, ఆఖరికి ఇక్కడి రేవులో మరమ్మతు పనికి కుదిరి, రిటైరయ్యాక మా కింది ఫ్లాట్‌లో ఉండేవారు. పిల్లలు లేరు. నేను ఉద్యోగం పోయినప్పుడూ, వీసా కాగితాలు ఇరుక్కుపోయినప్పుడూ వాళ్ళింటి సోఫాలో కూర్చునే ఏడ్చాను.

ఆయన చేతికి ఏ సంచి దొరికినా ముడి వేయకుండా ఉండలేరు. కందిపప్పు సంచికి ఆయన వేసిన ముడి దేవుడు దిగివచ్చినా విప్పలేడు. అందుకే ఆ ఇంట్లో కత్తెర ఎప్పుడూ పొయ్యి పక్కనే ఉండేది. "ఓడ కట్టేసినట్టు కడతారు, ఈ పప్పు ఎక్కడికెల్లిపోద్దని?" అని ఆంటీ రోజూ సణిగేవారు. ఆయన వినేవారు, మర్నాడు ఉప్పు సంచికి కూడా అదే ముడి వేసేవారు.

అన్నింటికన్నా వింత ఆయనతో సినిమా చూడటం. కొత్త తెలుగు సినిమా వస్తే ఇద్దర్నీ నేనే కార్‌లో తీసుకెళ్ళేదాన్ని. హాల్లో జనం హీరో వచ్చాడని కాగితాలు విసురుతుంటే ఈయన నా మోచేయి తట్టి, "ఆ ఎనక టీ గ్లాసులట్టుకెల్తున్నోణ్ణి సూడు. ఇందాక పెళ్ళిలో కూడా ఆడే ఉన్నాడు, చొక్కా మార్చేడు" అనేవారు. పాటలో పదో వరసలో ఎగిరే అమ్మాయికి చెప్పు జారితే ఆయనకు తెలిసిపోయేది. ఫైటింగులో ఎవరో పడితే, కొట్టినవాడిని కాదు, పడినవాడిని చూసేవారు. "లేచేడు, పర్లేదు" అని కుదుటపడేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, తర్వాత చిరాకేసేది.

ఒక ఆదివారం వాళ్ళింట్లో టీవీ చూస్తూ ఆగలేక అడిగేశాను. "అంకుల్, మీరు కథ చూడరా అసలు? టికెట్ డబ్బులు దండగ కదా!"

"హీరోని అందరూ సూస్తారమ్మా. ఎనకాలోళ్ళని ఎవరు సూస్తారు?" అన్నారు. తర్వాత, ఏమనుకున్నారో, టీవీ ఆపేసి చెప్పారు.

కుర్రతనంలో ఆయనా, ఆయన తమ్ముడూ ఒకే ఓడలో పనిచేశారు. తమ్ముడు వంటవాడి దగ్గర సాయం. ఇరవై కూడా నిండలేదు. ఓడ ఈజిప్టులో అలెగ్జాండ్రియా రేవులో మరమ్మతుకు ఆగింది. ఒకరోజు సినిమావాళ్ళు వచ్చి బస్తాలు మోసే జనం కావాలన్నారు. అన్నదమ్ములిద్దరూ వెళ్ళారు. నేరాల సినిమా. దొంగగా వేసిన హీరో, సూట్‌కేసు పట్టుకుని రేవులో పరిగెత్తాలి. ఆ పరుగులో వాడు తమ్ముణ్ణి నిజంగానే గుద్దేశాడు. వీడు బస్తాతో సహా వెల్లకిలా పడ్డాడు, లేచాడు, కెమెరా వైపు చూసి పళ్ళికిలించి నవ్వాడు. డైరెక్టర్ అరబ్బీలో ఏదో అరిచాడు. మళ్ళీ తీయలేదు.

"మరుసటేడు ఆడు ఇంకో ఓడెక్కేడు. ఆ ఓడ రాలేదు" అన్నారు అంకుల్. అంతే, ఇంకేం వివరాలు చెప్పలేదు, నేనూ అడగలేదు. తమ్ముడిదని ఆ ఇంట్లో మిగిలింది ఓడ పనివాళ్ళ గుర్తింపు పుస్తకానికి తీయించుకున్న ఫోటో ఒక్కటి. అందులో ఊపిరి బిగబట్టుకుని, చెవులు నిక్కబొడుచుకుని ఉంటాడు. "ఇది ఆడు కాదమ్మా. ఆడు ఎప్పుడూ నవ్వుతానే ఉండేవోడు. ఆ సినిమాలో ఉన్నోడే ఆడు" అనేవారు.

ఆ సినిమా పేరు ఆయన నోట ఎప్పుడూ రాలేదు. "మనోడి సినిమా" అనేవారు, తమ్ముడే హీరో అయినట్టు. తీసిన కంపెనీ దివాలా తీసిందట. నాలుగు హాళ్ళలో కూడా సరిగా ఆడలేదట. పై దేశాల్లోని అరబ్బుల కొట్ల కోసం కాసిని వీడియో క్యాసెట్లు మాత్రం వేశారు. చాలా ఏళ్ళ క్రితం న్యూజెర్సీలోనే ఒక అరబ్బుల కొట్లో ఖర్జూరాలు కొంటుంటే ఆయనకు ఆ క్యాసెట్టు కనిపించింది. అట్ట మీద కత్తి, సిగరెట్ తాగుతున్న ఆడమనిషి, వెనక ఓడ పొగగొట్టం, ముందు ఆనాడు సూట్‌కేసుతో పరిగెత్తినవాడి మొహం. చేత్తో పట్టుకున్నారు. ఇంట్లో వీసీఆర్ చెడిపోయి ఉంది. బాగుచేయించాక వచ్చి తీసుకుందాం, ఇక్కడే ఉంటుందిలే అనుకుని మళ్ళీ అరలో పెట్టేశారు. ఆయన వెళ్ళేసరికి కొట్టు చేతులు మారింది. కొత్తవాళ్ళు క్యాసెట్లన్నీ చెత్తలో పడేశారు.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. పాత క్యాసెట్లు సేకరించేవాళ్ళ గుంపు ఒకటి ఆయనకు దొరికింది. చెత్తబుట్టలోకి పోవలసిన క్యాసెట్లను ప్రాణంలా దాచుకునే మనుషులున్నారని అప్పుడే నాకూ తెలిసింది. సినిమా ఎంత అనామకమైతే వాళ్ళకు అంత ప్రీతి. ఇలాంటి అరబ్బీ సినిమాల అట్టలు చూస్తే వాళ్ళకు పిచ్చి. ఒక్కరికీ అరబ్బీ ముక్క రాదు. ఆ గుంపులో అంకుల్ తన ఇంగ్లీషులో దండం పెట్టి రాశారు. ఈ క్యాసెట్టు ఎవరి దగ్గరైనా ఉందా, అందులో నా తమ్ముడున్నాడు, ఒక్కసారి చూసి తిరిగి ఇచ్చేస్తాను అని.

అక్కడే కొంప మునిగింది. సేకరించేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. కావలసినదాని పేరు చచ్చినా పైకి అనరు. పక్కనున్న దేన్నో బేరమాడుతూ, "ఆ చెత్త కూడా కలిపి పడేయండి" అంటూ తీసుకుంటారు. అడిగారంటే అది దొరకదు. లోకంలోని రేవులన్నింట్లో బేరమాడిన మనిషికి ఇది తెలియదా? "తెలుసమ్మా. తమ్ముడి దగ్గర బేరాలేటి?" అన్నారు. అంతవరకు ఎవరూ పేరు కూడా వినని సినిమా, ఆయన రాసింది చదివాక అందరికీ కావలసి వచ్చింది. ఏ మూలో మగ్గుతున్న క్యాసెట్లను కూడా ఎవరెవరో ఎత్తుకుపోయారు. ఆయన వెతికిన కొద్దీ అది దూరమైంది.

ఇంతలో ఆయన కళ్ళు మొరాయించడం మొదలెట్టాయి. చూపు మధ్యలో మచ్చ. డాక్టర్ ఇంజెక్షన్లు ఇచ్చాడు, ఆపలేకపోయాడు. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనిపించదు, పక్కనున్నవి కనిపిస్తాయి. ఆయన దానికీ నవ్వారు. "హీరో పోయేడమ్మా. ఎనకాలోళ్ళు ఇంకా ఉన్నారు." ఆంటీ వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఇక ఆ పక్క చూపు ఉన్నంతలోనే తమ్ముణ్ణి చూడాలి, లేకపోతే లేదు.

అప్పుడే తెలిసింది, పెన్సిల్వేనియాలో ఒకాయన దగ్గర ఆ క్యాసెట్టు ఉందని, శనివారం ఒక ఫైర్ స్టేషన్ హాల్లో సేకరించేవాళ్ళంతా కలుస్తున్నారని. అంకుల్ ఇస్త్రీ చొక్కా, టై వేసుకుని మెట్ల దగ్గర నిలబడ్డారు.

"ఏంటంకుల్, పెళ్ళిచూపులకా?" అన్నాను.

"మరేటి, మావోణ్ణి సూడ్డానికెల్తున్నాం గదా!" అన్నారు. చేతిలో ఆంటీ చేసిన జంతికల డబ్బా. దానికీ ముడి.

హాల్లో మడతబల్లల మీద ఎటు చూసినా క్యాసెట్లే. ఎక్కువగా నడివయసు మగవాళ్ళు, నల్ల టీషర్టులు, గడ్డాలు. మాకు కావలసినాయన స్కూలు బస్సు నడుపుతాడట. మంచి మర్యాదస్తుడు. అంకుల్‌కి కుర్చీ వేశాడు. స్పాంజి పరిచిన పెట్టెలోంచి క్యాసెట్టును బయటికి తీశాడు. అది నాలుగు వైపులా అతికిన మందపాటి అద్దం లాంటి ప్లాస్టిక్ దిమ్మలో ఉంది. పైన, క్యాసెట్టు ఎంత కొత్తగా ఉందో చెబుతూ ఏదో కంపెనీ వేసిన మార్కుల చీటీ.

"దీన్ని విప్పేదెలా?" అని అంకుల్ ఇంగ్లీషులో అడిగారు.

"విప్పడం ఉండదు సర్, పగలగొట్టాలి. పగలగొడితే ఇది మామూలు పాత క్యాసెట్టు అయిపోతుంది."

"నాకు మామూలు పాత క్యాసెట్టే కావాలి."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "మీరు చూశారా సినిమా?" అని అంకుల్ మళ్ళీ అడిగారు.

"లేదు సర్. దీన్నెవరూ చూడలేదు. ఫ్యాక్టరీలో చుట్టిన ప్లాస్టిక్ కూడా అలాగే ఉంది. దీని గొప్పంతా అదే."

"మరి లోపల ఆ సినిమానే ఉందని మీకెలా తెలుసు?"

"తెలీదు సర్" అన్నాడు. నిజాయితీగానే అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కాపీ తీసే మనిషిని నేను చూసిపెడతాను, ఖర్చంతా నాది, ఒక్క గంట చాలు అన్నాను. ఇన్నేళ్ళు ఆడని టేపు కాబట్టి మెషీన్‌లో పెట్టగానే అంటుకుని చిరిగిపోవచ్చన్నాడు. ఆడించకుండా ఉంచితే బాగుంటుందా అన్నాను. "లేదు మేడమ్, లోపల మెల్లగా పాడవుతూనే ఉంటుంది" అన్నాడు. మరెందుకయ్యా దాచడం అంటే అట్టకేసి మురిపెంగా చూసుకుని, "అందంగా ఉంది కదా" అన్నాడు. తల బాదుకోవడం ఒక్కటే తక్కువ నాకు.

అంకుల్ మాత్రం కోప్పడలేదు. తమ్ముడి కథ మొదలుపెట్టారు. బస్తా, సూట్‌కేసు, నవ్వు. బస్సాయన కళ్ళు తుడుచుకున్నాడు. పక్క బల్లల వాళ్ళను పిలిచాడు. అందరూ చుట్టూ చేరారు. ఒకతను ఫోన్‌తో వీడియో తీశాడు. ఇంకో ముసలాయన ముందుకొచ్చి, ఎప్పుడో ఒక స్నేహితుడి ఇంట్లో అరిగిపోయిన క్యాసెట్టులో తాను ఆ సినిమా చూశానని, ఆ క్యాసెట్టు తర్వాత పాడైపోయిందని చెప్పాడు. అంకుల్ లేచి గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"రేవు సీను ఉందా?"

"ఉంది. సూట్‌కేసుతో పరిగెత్తుతాడు."

"గళ్ళ చొక్కా కుర్రాడు పడిపోతాడు. లేచి నవ్వుతాడు. ఉన్నాడా?"

ఆ ముసలాయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. మనస్ఫూర్తిగానే ఆలోచించాడు. "క్షమించండి. నేను హీరోనే చూశాను" అన్నాడు.

అంకుల్ కూర్చుండిపోయారు. కాసేపటికి ఆ ప్లాస్టిక్ దిమ్మను ఒళ్ళో పెట్టుకుని, తల పక్కకు తిప్పి, చూపు మిగిలిన వైపు నుంచి అట్టను చూశారు. దాని మీద అరచెయ్యి ఆనించారు. తర్వాత జాగ్రత్తగా వెనక్కి ఇచ్చి, జంతికల డబ్బా ముడి తనే విప్పి అందరికీ పంచారు. వాళ్ళు కరకరలాడిస్తూ తిన్నారు, వెరీ గుడ్ అన్నారు. వచ్చేటప్పుడు బస్సాయన అంకుల్ నంబర్ తీసుకుని, "అమ్మేముందు తప్పకుండా ఆలోచిస్తాను సర్. మంచి మనిషి దొరికితే కాపీ తీయిస్తాను. ఫోన్ చేస్తాను" అన్నాడు.

కార్‌లో నేను ఏడుస్తూ డ్రైవ్ చేశాను. "మంచోళ్ళేనమ్మా" అన్నారు అంకుల్. "నువ్వు ఏడిస్తే రోడ్డు కనపడదు, పక్కకాపు. మనిద్దరికీ కలిపి నీ కళ్ళే గదా ఉన్నాయి." పక్కకు ఆపి ఇంకాస్త ఏడ్చాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఆ రోజు నుంచి ఆయన ఫోన్ చేతిలోంచి దింపలేదు. మనమందరం ఎత్తకుండా కట్ చేసేసే కాల్స్, కారు వారెంటీ అయిపోయిందనేవాళ్ళు, ఇన్సూరెన్స్ అమ్మేవాళ్ళు, ఒక్కటీ వదలకుండా ఎత్తేవారు. "ఎస్ సర్, స్పీకింగ్ సర్" అనేవారు, నిటారుగా కూర్చుని. వినేవారు. మొహం చిన్నబోయేది. "కాదమ్మా, ఎవడో సోలార్ పలకలోడు" అనేవారు. నేను బస్సాయనకు మెయిల్స్ పెట్టాను. మొదట జవాబులిచ్చేవాడు, తర్వాత మానేశాడు. అంకుల్ చూపు పక్కలకు కూడా మసకబారింది. సినిమాలకు రావడం మానేశారు. ఓసారి టీ తాగుతూ ఉన్నట్టుండి నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నారు.

"నా సూపు పోయేక అది దొరికితే, నువ్వు సూసి సెప్పమ్మా. ఉన్నాడా లేదా అంతే. కత్తిరించేసేరేమో గూడా. ఉంటే ఎంతసేపున్నాడో సెప్పు. లేకపోతే లేడనే సెప్పు, ఉన్నాడని అబద్ధమాడకు."

"చెప్తానంకుల్" అన్నాను. అది దొరకదని నాకు తెలుసు. ఆయనకూ తెలిసే ఉంటుంది. ఆ చలికాలం దాటకుండానే, ఆ కుర్చీలోనే పోయారు.

ఆయన పోయాక నాకో పంతం పుట్టింది. ఆయన అడిగింది చూసి, ఆంటీకైనా చెప్పాలి. బస్సాయనకు ఫోన్ చేశాను. ఈసారి ఎత్తాడు. అంకుల్ పోయారంటే పాపం చాలా బాధపడ్డాడు. "అయ్యో, మేడమ్, కిందటి నెలే వేలంలో అమ్మేశాను" అన్నాడు. ఇంట్లో అవసరం వచ్చిందట. కాపీ తీయించలేదట. కొన్నవాళ్ళ మెయిల్ ఇవ్వడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

వేలంలో పెట్టిన ప్రకటన ఇంకా ఇంటర్నెట్‌లో ఉంది. వెతికి చూశాను. క్యాసెట్టు ఫోటోలు, మార్కుల చీటీ, వాటి కింద అంకుల్ కథ. తమ్ముణ్ణి చూడాలని ఏళ్ళ తరబడి ఈ క్యాసెట్టును వెతికిన భారతీయ నావికుడు అని రాశారు. చూడలేకపోయాడు, చూపు కూడా పోయింది అని రాశారు. ఆ రోజు ఫోన్‌తో తీసిన వీడియో కూడా పెట్టారు. అందులో అంకుల్ టై కట్టుకుని బస్తా ఎలా ఎత్తారో చేతులతో చూపిస్తున్నారు. కథ ఉన్నందువల్లే పోటీ పడి కొన్నారని కింద ఎవరో రాశారు.

కొన్నాయనకు మెయిల్ రాశాను. కోపమంతా మింగేసి, ఎంత మర్యాదగా రాయాలో అంత మర్యాదగా రాశాను. పెద్దాయన పోయారు, ఆయన భార్య ఉన్నారు, క్యాసెట్టు మీదే, మాకొద్దు. ఒక్కసారి ఆడించి, రేవు సీనులో గళ్ళ చొక్కా కుర్రాడు ఉన్నాడో లేదో ఒక్క మాట చెబితే చాలు. చిరిగిపోతే ఆ నష్టం నేను భరిస్తాను అని కూడా రాశాను.

జవాబు ఆంటీ పక్కన కూర్చుని ఉండగానే వచ్చింది. నేను చదువుతుంటే ఆవిడ నా మొహమే చూస్తున్నారు.

"ఏటన్నాడమ్మా?"

"అంకుల్ పోయారని చాలా బాధపడ్డాడట ఆంటీ. ఆయన కథ విన్నాకే అది కొన్నాడట. ఇంట్లో హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకున్నాడట."

"సూత్తాడటా?"

"చూడడట. అంకుల్‌కి చూడ్డం కుదరలేదు కాబట్టి, ఆయన మీద గౌరవంతో, దాన్ని ఎప్పటికీ విప్పడట. ఇంకెవర్నీ విప్పనివ్వడట."

ఆంటీ చీర కొంగుకు ముడి వేశారు, విప్పారు, మళ్ళీ వేశారు.

"గౌరవమా?" అన్నారు. "అంటే తమ్ముడితో పాటు ఈయన్ని గూడా అందులో పెట్టి మూసేసేరన్నమాట."

ఆ మెయిల్ కింద, ఇంకేమైనా సాయం కావాలంటే మొహమాటపడకుండా అడగమని రాసి ఉంది.